కంటికి కనబడినదెల్ల కారణము కాదు

సికింద్రాబాదు నగరమునకు మహమ్మారులతో పెనవేసికొన్న జ్ఞాపకములు రెండు కలవు. మొదటిది ఉజ్జయినీ మహాకాళి ఆలయము. 1813 లో ఈ నగరమున గత్తర, అనగా కలరా, చెలరేగినపుడు, ఇచ్చటి సైనికదళమునందు డోలీ మోయుచుండిన సురిటి అప్పయ్య అను నతడు, దళముతోపాటు ఉజ్జయినికి బదిలీయై పోయి, తన ఊరివారు ఈ ఉపద్రవము నుండి గట్టెక్కినచో అమ్మవారి ప్రతిమను మా యూరికి తెచ్చి నిలిపెదనని మహాకాళి సన్నిధిని మ్రొక్కుకొనెననియు, మరలివచ్చి 1815 లో ఆ మ్రొక్కు చెల్లించెననియు స్థలపురాణము చెప్పుచున్నది. ఆషాఢమాసమున వేలాది స్త్రీలు బోనము నెత్తుకొని వచ్చుచున్నది ఆ మ్రొక్కు నిలిచిన చోటికే. రెండవ జ్ఞాపకము అదే దండు ప్రాంతమున, బేగంపేటలోని సైనికాసుపత్రికి చెందినది. అచ్చట 1897 ఆగస్టు 20 వ తేదీ మధ్యాహ్నమున రోనాల్డ్ రాస్ అను వైద్యుడు ఒక దోమ కడుపును చీల్చి సూక్ష్మదర్శిని క్రింద పరచెను. డోలీ మోసిన అప్పయ్యకును, సూక్ష్మదర్శినిపై వంగిన రాస్‌కును నడుమ గడచినవి ఎనుబదినాలుగేండ్లు మాత్రమే. ఇరువురును దండులో కొలువు చేసినవారే; ఇరువురను వేధించిన ప్రశ్నయు ఒక్కటే. ఇంతమంది ఇట్లేల రాలిపోవుచున్నారు?

ఈ ప్రశ్నకు మన పూర్వులు చెప్పుకొన్న సమాధానములలో మిక్కిలి వ్యాప్తి చెందినది గాలి. బిడ్డ ఉన్నట్టుండి సొమ్మసిల్లినచో గాలి సోకినదందుము. పశువుల నోరును గిట్టలును పుండ్లుపడు రోగమునకు గాలికుంటు అని పేరు పెట్టితిమి. మన్యమునకు పోయివచ్చినవానికి చలిజ్వరము పట్టినచో అక్కడి గాలియు నీరును వానికి పడలేదందుము. ఇది మన నాటుతనమని తలవంచుకొన బనిలేదు. ఐరోపా ఖండములోని మహావైద్యులును అట్లే నమ్మిరి. ఇటలీ వారి భాషలో మలేరియా అను మాటకే చెడుగాలి యని అర్థము. పైగా ఆ నమ్మకమునకు ఆధారము లేకపోలేదు. చిత్తడినేలల చెంత దుర్గంధమును ఉండును, జ్వరమును ఉండును. గంధము లేనిచోట జ్వరమును అరుదు. పరిశీలన తప్పు కాదు. వెంట నడచువానినే పని చేయువాడని భ్రమించుట యందే తప్పు జరిగినది. దుర్గంధమును జ్వరమును చిత్తడినేల కన్న బిడ్డలే గాని, ఒకదానికొకటి తల్లీబిడ్డలు కావని తెలియుటకు వేలయేండ్లు పట్టెను.

ఆ ముడిని విప్పుటకు మొట్టమొదట ఉపకరించినది సూక్ష్మదర్శిని కాదు, లెక్క. లండను నగరమున 1854 లో కలరా ప్రబలినపుడు జాన్ స్నో అను వైద్యుడు బ్రాడ్ వీథిలోని చేతిపంపు చుట్టును మరణములు మూగియున్నవని గుర్తించి, దాని పిడిని తీయించిన వృత్తాంతము పలువురెరిగినదే. అంతకంటె ఘనమైన పని ఆయన చేసినది వేరొకటి కలదు. దక్షిణ లండనులో రెండు కంపెనీలు ఒకే వీథులలో, ఒకే వరుస ఇండ్లకు నీరందించుచుండెను. వానిలో లాంబెత్ కంపెనీ 1852 నుండి థేమ్సు నదికి ఎగువన, నగరపు మురుగు కలియని తావున నీరు తోడుచుండగా, సౌత్‌వార్క్ వాక్సాల్ కంపెనీ మురుగు కలిసిన దిగువ నీటినే పోయుచుండెను. ఇరుగుపొరుగు ఇండ్లవారు పీల్చునది ఒకే గాలి. త్రాగునది మాత్రమే వేరు. స్నో ఇల్లిల్లు తిరిగి, చనిపోయినవారి ఇంటికి ఏ కంపెనీ నీరు వచ్చునో విచారించి లెక్క కట్టెను. దిగువ నీరు త్రాగిన ఇండ్లలో పదివేల ఇండ్లకు 315 మరణములు, ఎగువ నీరు త్రాగిన ఇండ్లలో పదివేలకు 37. గాలి నిర్దోషి యని తేల్చుటకు ఇంతకు మించిన సాక్ష్యమేల? అయినను ఆ కాలపు వైద్యమండలి స్నో వాదమును అంగీకరింపలేదు. నీటిలో ఏమున్నదో ఆయన చూపలేకపోయెను. విచిత్రమేమనగా, అదే 1854 లో ఫ్లారెన్సు నగరమున ఫిలిప్పో పచీని అను శాస్త్రజ్ఞుడు కలరా మృతుల ప్రేవులలో ఆ సూక్ష్మజీవిని కన్నులార చూచి ప్రకటించెను. ఆయన మాటయు అరణ్యరోదనమే అయ్యెను. ఒకరు నిరూపించిరి గాని చూపలేకపోయిరి. మరొకరు చూపిరి గాని నిరూపింపలేకపోయిరి. ఈ రెండును ఒక్కచోట కలియుటకు మరి ఇరువదియేండ్లు కావలసివచ్చెను.

ఆ కలయికకు వేదిక యైనది మహానగరము గాదు, వోల్‌స్టైన్ అను చిన్న పట్టణము. కర్త విశ్వవిద్యాలయాచార్యుడు గాడు, రాబర్ట్ కోఖ్ అను జిల్లావైద్యుడు. ఆ ప్రాంతపు గొర్రెలను పశువులను దొమ్మరోగము కబళించుచుండెను. చచ్చిన పశువు రక్తములో కడ్డీలవంటి సూక్ష్మరూపములుండునని ఫ్రాన్సులో రేయరు, దవేన్ అను వైద్యులు 1850 నాటికే చూచియుండిరి. చూచుట జరిగి పాతికేండ్లు గడచినను, అవి రోగమునకు కారణములా, లేక రోగము వలన పుట్టిన మలినములా అను సందేహము తీరలేదు. కోఖు తన ఇంటిలోని రోగులను చూచు గదిలో ఒక మూలను తెరవేసి ప్రయోగశాలగా మార్చుకొనెను. సన్నగా చెక్కిన కొయ్యపుల్లలను చచ్చిన పశువు రక్తమున ముంచి, చుంచెలుక చర్మము క్రింద గ్రుచ్చుట. అది చచ్చిన పిమ్మట దాని నెత్తురు నుండి మరియొక దానికి. దాని నుండి వేరొక దానికి. ఇట్లు ఎలుక వెంట ఎలుక చచ్చుచుండగా ప్రతిదాని రక్తములోను ఆ కడ్డీలే కనబడెను. అంతటితో ఆయన తృప్తి చెందినచో చరిత్రలో ఆయన పేరుండెడిది కాదు. రక్తములో వేరొక విషమేదియు లేదని చెప్పుటెట్లు? అందులకై ఎద్దు కంటిలోని స్వచ్ఛమైన ద్రవమును తీసి, దానిలో ఆ కడ్డీలను నాటి, వెచ్చగా ఉంచి పెంచెను. అవి దారములవలె సాగి, నడుమ ముత్యములవంటి బీజములు కట్టుటను గంటలతరబడి కనుగొనలో పెట్టి చూచెను. ఆ ద్రవము నుండి మరియొక ద్రవపు చుక్కకు, దాని నుండి ఇంకొక చుక్కకు తరతరములుగా మార్చి, మొదటి పశువు రక్తపు ఆనవాలైనను మిగులని పిమ్మట ఎలుకకు ఎక్కించెను. అదియు దొమ్మ తోడనే చచ్చెను. 1876 లో బ్రెస్లావు నగరమున ఫెర్డినాండ్ కోన్ అను వృక్షశాస్త్రాచార్యుని ముందర ఈ ప్రయోగములన్నియు చేసి చూపినపుడు, సందేహమునకు తావు లేకపోయెను. మానవచరిత్రలో ఒక రోగమును ఒక బ్యాక్టీరియాను ముడివేసి, ఆ ముడి వీడదని ఋజువు చేసినది అప్పుడే.

కోఖు ప్రతిభలో నాకు అన్నిటికంటె ముచ్చట గొల్పునది ఒక ఉడికిన బంగాళాదుంప ముక్క. ద్రవములో పెరుగు సూక్ష్మజీవులు సంతలో జనమువలె కలగలసి పోవును. ఒక జాతిని వేరుచేయుట అసాధ్యము. ఉడికిన దుంపను కోసి గాలికి వదలివేయగా, కొన్ని దినములకు దానిపై ఎర్రనివి, పచ్చనివి, తెల్లనివి చుక్కలు పొడమినవి; ఒక్కొక్క చుక్కను సూక్ష్మదర్శినిలో చూడగా ఒక్కొక్కదానిలో ఒకే జాతి జీవులు. గట్టినేలపై పడిన విత్తనము పడినచోటనే మొలచును గదా! ఆ నేలను మన ఇష్టము వచ్చినట్లు తయారుచేసికొనవలెనని కోఖు జిలాటిను వాడెను గాని, అది వేడికి కరగి నీరగుచుండెను. ఆ కష్టమును తీర్చినది శాస్త్రజ్ఞుడు గాదు, ఒక గృహిణి. కోఖు వద్ద పనిచేయుచుండిన వాల్టర్ హెస్సె భార్య ఫానీ హెస్సె, తాను వంటలో వాడు అగారును వాడి చూడుడని చెప్పెను. సముద్రపు నాచు నుండి తీయు ఆ పదార్థముతో జావాద్వీపవాసులు తియ్యని వంటకములు చేయుదురు. ఒకమారు గడ్డకట్టినచో శరీరోష్ణమునకు కరగదు. నేటికిని ప్రపంచములోని ఏ ఆసుపత్రి ప్రయోగశాలలోనైనను పెట్రీ పళ్ళెమున కనబడు ఆ లేత పసుపుపచ్చని పొర ఆమె వంటింటి నుండి వచ్చినదే.

ఆ సాధనముల బలముతో రూపొందినవే కోఖు నియమములని ప్రసిద్ధి చెందినవి. రోగమున్న ప్రతిచోట ఆ జీవి ఉండవలెను. దానిని వేరుచేసి శుద్ధముగా పెంచగలుగవలెను. అట్లు పెంచినదానిని ఆరోగ్యవంతమైన ప్రాణికి ఎక్కించినపుడు అదే రోగము రావలెను. ఆ ప్రాణి నుండి మరల అదే జీవిని రాబట్టవలెను. న్యాయస్థానమున హత్యానేరమును నిరూపించుటకు కూడ ఇంత కఠినమైన సాక్ష్యమడుగరు. 1882 మార్చి 24 న బెర్లిను నగరమున క్షయరోగక్రిమిని గూర్చి కోఖు ఉపన్యసించినపుడు ఈ కాఠిన్యము ఫలించినది. మరణించు ప్రతి ఏడుగురిలో ఒకరిని పొట్టనబెట్టుకొనుచున్న ఆ రోగము వంశపారంపర్యమనియు, దుర్బలదేహుల కర్మమనియు నమ్మిన సభికులు, ఆయన తెచ్చి పరచిన రెండువందలకు పైబడిన సాక్ష్యములను చూచి, ఒక్క ప్రశ్నయైనను వేయక మిన్నకుండిరి.

అయితే నియమములను నిర్మించినవానినే అవి ఎదురుతిరిగి పరీక్షించిన ఘట్టము మన దేశముననే జరిగెను. 1883 లో ఈజిప్టున కలరా ప్రబలగా కోఖు అలెగ్జాండ్రియాకు పోయెను. పాశ్చరు శిష్యులు ఫ్రాన్సు నుండి అదే పనిపై వచ్చిరి. వారిలో లూయీ తుయిల్యే అను యువకుడు, ముప్పదియేండ్లయిన నిండనివాడు, ఆ రోగమునకే బలియయ్యెను. అచ్చట కలరా తగ్గుముఖము పట్టగా కోఖు కలకత్తాకు వచ్చి, 1884 జనవరి నాటికి కామాగుర్తువలె వంగిన ఆ క్రిమిని శుద్ధముగా వేరుచేసి, ఒక చెరువునీటిలో సైతము దానిని పట్టుకొనెను. ఆ చెరువులోనే జనులు స్నానములు చేయుదురు, రోగుల బట్టలుతుకుదురు, ఆ నీరే త్రాగుదురు. సర్వము సరిపోయెను, ఒక్కటి తప్ప. ఏ జంతువునకెక్కించినను కలరా రాలేదు. మూడవ నియమము తీరలేదు. దీనిని ఆధారము చేసికొని పెట్టెన్‌కోఫెర్ అను మ్యూనిక్ ఆచార్యుడు, క్రిమి యొక్కటే కారణము కాదని చాటుటకై, 1892 అక్టోబరున కలరాక్రిములు నిండిన ద్రవమును స్వయముగా త్రాగి, కొద్దిపాటి విరేచనములతో బ్రతికి బయటపడెను. ఆయన సాహసము మెచ్చదగినదే; తీర్మానము మాత్రము సరికాదు. క్రిమి సోకిన ప్రతివాడును మంచముపట్టడని, సోకియు తిరుగాడువారు కలరని తరువాత తెలియవచ్చెను.

జంతువులయందు తీరని ఆ మూడవ నియమమును తీర్చినవాడు శంభునాథ్ దే అను వంగదేశీయ వైద్యుడు. కలరాక్రిమి విషము వెడలగ్రక్కునని కోఖు 1884 లోనే ఊహించెను గాని, ఆ విషమును డెబ్బదియైదేండ్లపాటు ఎవ్వరును పట్టలేకపోయిరి. అందరును దానిని రక్తములో వెదకిరి. ప్రేవులోనే వెదకవలెనని దే గ్రహించెను. కుందేటి ప్రేవును రెండుచోట్ల దారముతో ముడివేసి, ఆ నడిమి భాగములోనికి కలరాక్రిముల ద్రవమును ఎక్కించగా, మరునాటికది నీటితో నిండి తిత్తివలె ఉబ్బెను. 1959 లో ఆయన క్రిములన్నిటిని వడగట్టివేసిన ద్రవముతోడనే ఆ పని జరుగుటను నిరూపించి, మనిషి ఒంటిలోని నీరంతయు ఎట్లు హరించుకొనిపోవునో లోకమునకు తేటతెల్లము చేసెను. పోయిన నీటిని ఉప్పును తిరిగి ఇచ్చినచో రోగి బ్రతుకును గదా యను చికిత్సకు ఈ జ్ఞానము పునాదియయ్యెను. గత్తర నుండి ప్రాణము దక్కినవారెందరో ఆయన పేరెరుగరు. జీవించియుండగా ఆయనకు దక్కవలసిన గౌరవము మన దేశమున దక్కలేదనుట నా మనస్సును నేటికిని నొప్పించు విషయము.

గాలికుంటు మాట ముందు చెప్పితిని. 1898 లో లోఫ్లర్, ఫ్రోష్ అను జర్మను శాస్త్రజ్ఞులు ఆ రోగపు బొబ్బల రసమును, ఏ బ్యాక్టీరియాయు దూరలేని వడపోత గుండా పంపి దూడలకెక్కించగా వానికిని గాలికుంటు పట్టెను. వడపోసినదానిలో మిగిలినది కేవలము విషమైనచో, ఒక దూడ నుండి మరియొకదానికి పోవుకొలది పలుచబడి శక్తి కోల్పోవలెను. అట్లు కాలేదు, కావున అది పెరుగుచున్నది, అనగా సజీవమువలె వర్తించుచున్నది. సూక్ష్మదర్శినికి అందని వైరసును ఇట్లు కేవలము తర్కముతో పట్టుకొనిరి. కంటికి కనబడనిదానిని సైతము నిరూపింపవచ్చునని తెలిసిన దినమది.

ఇక బేగంపేటకు మరలుదము. మలేరియా రోగి రక్తములో పరాన్నజీవి కలదని 1880 లో అల్జీరియాయందు లావెరాన్ కనిపెట్టెను. అది ఒకరి నుండి మరియొకరికి చేరుటెట్లు? చీనాదేశమున బోదకాలు పురుగును దోమ కడుపులో చూచిన పాట్రిక్ మాన్సన్, ఈ జ్వరమునకును దోమయే వాహకమై యుండునని ఊహించి, 1894 లో లండనులో రాస్‌కు ఆ మాట చెప్పెను. అయితే దోమ నీటబడి చచ్చుననియు, ఆ నీరు త్రాగుటచే జ్వరము వచ్చుననియు మాన్సన్ భావము. రాస్ కూలియిచ్చి కొందరిచే అట్టి నీరు త్రాగించెను. నేటి కాలమున ఏ నీతినియమమును అందులకు సమ్మతింపదు. మరల మరల చేసిన ప్రయోగములలో ఆ భావము నిలువలేదు. సికింద్రాబాదున రెండు విడతల నివాసములో ఆయన చీల్చిన దోమలు వందలకొలది. అన్నియు బూడిదరంగువి, చారలవి. దేనిలోను ఏమియు లేదు.

1897 ఆగస్టు నడుమ ఆయన మనుష్యులు తెచ్చిన డింభకముల నుండి గోధుమవన్నెగల, రెక్కలపై మచ్చలున్న దోమలు వెలువడెను. ఆ నెల 16 న వానిని హుస్సేన్ ఖాన్ అను మలేరియా రోగిపై వదలిరి. కుట్టిన దోమ ఒక్కింటికి అణా చొప్పున అతనికి ముట్టజెప్పిరి. ఆపై దినదినము ఒకటి రెండు దోమలను చీల్చి చూచుట. ఉక్కపోతకు పంకా లాగించుకొందమన్న దోమల అంగములెగిరిపోవును. కన్నులలో చెవులలో దూరు చిన్న యీగలు ఊపిరాడనీయవు. నుదుటి చెమటయు చేతి చెమటయు కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. మిగిలిన ఒకే ఒక కంటికటకము పగిలియుండెను. 20 వ తేదీ మధ్యాహ్నము, ఒక దోమ దేహమంతయు గాలించి అలసిన పిమ్మట, ఇక మిగిలిన దాని కడుపు గోడను చూచుచుండగా, అందొక గుండ్రని కణము కనబడెను. కడుపులోని కణములకంటె దాని అంచు స్పష్టముగా నున్నది. లోపల నల్లని రేణువులు, రోగి రక్తములోని పరాన్నజీవిలో నుండునట్టివే.

చదువుకొను దినములలో నేనొకమారు మలేరియా రక్తపుపలకను చూడబోయి, ఊదారంగు మరకలు తప్ప వేరేమియు గుర్తింపలేక తికమకపడుచుండగా, మా అధ్యాపకులు వెనుకనుండి, “ఏమోయ్, చూస్తున్నావు గాని నీకు కనబడటం లేదు. ముందు మంచి రక్తం ఎట్లా ఉంటుందో పది రోజులు చూడు, అప్పుడు చెడ్డది తనంతట తానే కనబడుతుంది” అనిరి. రాస్ కథ చదివిన ప్రతిసారియు నాకా మాట గుర్తుకువచ్చును. వ్యర్థమనిపించిన ఆ వందలాది దోమలే ఆయనకు మంచి దోమ కడుపు ఎట్లుండునో నేర్పినవి. అది తెలియకున్నచో ఆ యొక్క కణము ఆయన కంట బడియు బడనట్లే పోయెడిది. అంతకంటె మెచ్చదగినది మరునాటి పని. పరవశించి లోకమునకు చాటింప బోక, 21 వ తేదీన మిగిలిన దోమను చీల్చి, అవే కణములు ముందటి దినముకంటె పెద్దవై యుండుటను చూచెను. పెరుగుచున్నవి! మరక పెరుగదు, మలినము పెరుగదు, బ్రతికియున్నదే పెరుగును. ఆ వార్త అదే యేడు డిసెంబరు 18 న బ్రిటిష్ వైద్యపత్రికలో అచ్చయ్యెను.

అప్పటికే పైయధికారులు ఆయనను మలేరియా అరుదైన రాజపుతానాకు బదిలీ చేసియుండిరి. కొంతకాలమునకు కలకత్తాకు చేరి, మనుష్యులు దొరకక, పిట్టల మలేరియాను పట్టుకొని, 1898 జూలైలో పరాన్నజీవి దోమ లాలాజలగ్రంథులలోనికి చేరి, కాటుతో ఆరోగ్యవంతమైన పిట్టకు సంక్రమించుటను ఋజువు చేసెను. మానవ మలేరియాకు అనాఫలిసు దోమయే వాహకమని ఆ యేడే ఇటలీలో గ్రాస్సీ బృందము నిరూపించెను. 1900 లో మాన్సన్ రోము నుండి తెప్పించిన దోమలచే లండనులోని తన కన్నకొడుకునే కుట్టించి, అతనికి జ్వరము వచ్చుటను లోకమునకు చూపెను. 1902 లో నోబెల్ బహుమానము రాస్‌కు ఒక్కనికే దక్కుట గ్రాస్సీ విషయమున అన్యాయమని నా అభిప్రాయము.

గమనింపదగిన దేమనగా, ఈ రోగమునందు కోఖు రెండవ నియమము అప్పట్లో తీరనేలేదు. కఠినమైన మలేరియాను కలిగించు పరాన్నజీవిని ప్రయోగశాలలో ఎడతెగక పెంచుట 1976 లో గాని సాధ్యపడలేదు. అయినను ఎవ్వరును సందేహింపలేదు. నియమముల అక్షరము తప్పినను వాని ఆత్మ నిలిచినది. ఈ దారి యందు నడచిన అడుగులన్నియు ఎవరో ఒకరి దేహము మీదుగా నడచినవే. మాన్సన్ బోదకాలు ప్రయోగమునకు ఒడలప్పగించినవాడు ఆయన తోటమాలి హిన్‌లో. రాస్‌కు ఒడలప్పగించినవాడు హుస్సేన్ ఖాన్. అతడు ఏ ఊరివాడో, ఆ జ్వరము నుండి కోలుకొనెనో లేదో ప్రసిద్ధ గ్రంథములు పట్టించుకొనలేదు.

రాస్ పేర బేగంపేటలో, పాత విమానాశ్రయమునకు చేరువను, ఉస్మానియా విశ్వవిద్యాలయపు అధీనములో ఒక భవనము నేటికిని ఉన్నది. ఆగస్టు 20 న ఆ త్రోవను పోవు పాఠకులు ఒక్క నిమిషము అచ్చట నిలిచి, రాస్‌తోపాటు హుస్సేన్ ఖాన్‌ను కూడ తలచుకొనవలెనని నా మనవి.